మద్దెల ఓడేనా?

పదిహేనేళ్ళు దాటిన కెమేరాను మార్చాలా వద్దా అన్న ప్రశ్న నన్ను రెండు నెలలుగా వేధిస్తున్నది. ఇదీ ఒక సమస్యేనా అని నవ్వేవారు నవ్వవచ్చు. ఈ సరదా తగులుకున్నవారికి మాత్రం ఇది నిద్ర చెడగొట్టే సమస్యే.

నా దగ్గరున్నది నికాన్ డి90. 2008 ఆగస్టులో వెలువడింది. వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్సెల్లార్ అదే. మరుసటి ఏడు 18-105 లెన్సుతో సహా కొన్నాను. ఇప్పుడు చేతిపట్టు దగ్గర రబ్బరు ఉబ్బి ఊడివస్తున్నది. అంతకు మించి దానికి రోగమేమీ లేదు. వచ్చే మాఘమాసంలో మేనకోడలి పెళ్ళి. "ఆ పాత డబ్బానే తెస్తావా మామయ్యా?" అని పెళ్ళికూతురే అడిగింది. తెగులు అక్కడ మొదలైంది.

ఇటువంటి చోట సలహాలు రెండు రకాలు. కొత్తది కొంటే బొమ్మలు వాటంతట అవే బాగా వస్తాయనేది ఒకటి. కెమేరా కాదు, కన్ను ముఖ్యమనేది రెండవది. మొదటిది అంగడివాడి మాట కనుక దాన్ని వదిలేద్దాం. రెండవదాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను. మన ఇళ్ళ గోడల మీద తాతలు, ముత్తాతలు అలా బిగుసుకుని కూర్చోవడానికి వారి గాంభీర్యం ఒక్కటే కారణం కాదు, కదిలితే బొమ్మ చెడిపోయే ఆనాటి పరికరాలూ కొంత కారణమే. పనిముట్టుకు ఒక హద్దు ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నదన్న సామెత నాకూ తెలుసు. కానీ మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు అసలే ఉండవా?

ఆ సంగతి తేల్చుకుందామని ఒక ఆదివారం పూట మూడేళ్ళలో నేను పనికిరావని పక్కన పడేసిన బొమ్మలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. సుమారు నాలుగు వందలు. తొందరపాటుతో చెడగొట్టినవి, ముఖాన్ని వదిలేసి వెనక గోడకు ఫోకస్ చేసినవి, అసలు ఎందుకు తీశానో నాకే తెలియనివి. వీటన్నిటి పాపం నాదే. కెమేరాను దోషిగా నిలబెట్టగలిగినవి ముప్ఫైకి మించలేదు. వాటిలో పిక్సెళ్ళు చాలక చెడినది ఒక్కటీ లేదు.

ఈ పిక్సెళ్ళ లెక్క చూడండి. డి90 బొమ్మ 4288 × 2848, అంటే పన్నెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయిస్తే పద్నాలుగు అంగుళాల వెడల్పున చక్కగా వస్తుంది. పిక్సెళ్ళు రెట్టింపై ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళయినా వెడల్పు రెట్టింపు కాదు, ఇరవై అంగుళాలవుతుంది, అంతే. మా ఇంట్లో అంత పటం తగిలించే గోడ ఖాళీగా లేదు.

పోనీ పెళ్ళి కోసమా? ఈ రోజుల్లో పెళ్ళి మండపంలో చీకటెక్కడిది? జీలకర్ర బెల్లం వేళకు వీడియోవాళ్ళు దీపాలతో పట్టపగలు చేసేస్తారు. దానికి నా డబ్బా చాలు. (ఈ మాట మేనకోడలికి ఇంకా చెప్పలేదు.)

చిక్కంతా ఆ ముప్ఫై బొమ్మలతోనే. దాదాపు అన్నీ మా ఊళ్ళో తీసినవే. కార్తికమాసం, సంధ్యవేళ, పెరట్లో తులసికోట దగ్గర మా అమ్మ దీపం పెడుతుంటే తీసినవి. ఫ్లాష్ వేస్తే ఆ వెలుగు చచ్చిపోతుంది. వేయకపోతే, ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టరు సెకనులో ఎనిమిదో వంతు సేపు తెరిచి ఉంచవలసి వస్తుంది. లెన్సులోని వీఆర్ నా చేతి వణుకును ఆపుతుంది గానీ అమ్మ చేతి వణుకును ఆపలేదు. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ముఖం ఉన్న చోట పొగమంచు, దీపం ఉన్న చోట ఒక గీత. ఇక్కడ మద్దెల ఓడేనని ఒప్పుకోక తప్పలేదు.

అయితే ఓడైన భాగమేది? చీకట్లో పనిచేసే బాడీ కావాలంటే నా మనసు పోయింది డి750 మీదికి. 2014 నాటిది, ఫుల్‌ఫ్రేమ్, ఐఎస్ఓ 12800 దాకా పోతుంది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నది. కానీ నా 18-105 చిన్న సెన్సరు కోసం చేసినది, ఆ బాడీకి తగిలిస్తే బొమ్మ అంచులు కోసుకోవలసిందే. అంటే ఖర్చు బాడీతో ఆగదు. అదే ఇప్పుడున్న బాడీకి ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే, ఎఫ్ 5 దగ్గర వచ్చే వెలుతురుకు ఏడు రెట్లకు పైగా లోపలికి వస్తుంది. ఎనిమిదో వంతు కాస్తా అరవయ్యో వంతు అవుతుంది. 50 ఎం.ఎం. అయితే ఇంకా చవక. కానీ చిన్న సెన్సరు మీద దాని చూపు ఇరుకు, వెనక్కి జరగాలి, మా పెరట్లో వెనక్కి జరిగితే నుయ్యి! కనుక 35 ఎం.ఎం. తెప్పించాను. అప్పటికీ చాలకపోతే డి750 కొంటాను, సిగ్గుపడను.

అద్దంలేని కెమేరా కొనమని మా బావగారి పోరు. కానన్, నికాన్‌ల నుంచి 2020 తరువాత కొత్త డీఎస్సెల్లార్ మోడలే రాలేదు కనుక ఆయన మాట కొట్టిపారేయదగినది కాదు. అవి చప్పుడు లేకుండా తీయగలవు, ఎదుటివారికి తెలియనే తెలియదు అంటారాయన. నాకు నచ్చనిది అదే. నా కెమేరాలో అద్దం టక్కుమని లేచినప్పుడల్లా అమ్మ కొంగు సర్దుకుంటుంది, తల తిప్పకుండానే "అయిందా నాయనా?" అంటుంది. ఇంకా అవలేదంటే అలాగే మరి కాసేపు ఉంటుంది.

బొమ్మల తేదీలు చూస్తుంటే మరొకటి కూడా కంటబడింది. ఆ ముప్ఫై బొమ్మలూ ఒక్క సాయంత్రానివే. మిగిలిన రెండు కార్తికాలూ నేను ఊరికి వెళ్ళనే లేదు. ఈసారికి నాలుగు రోజుల సెలవు ముందే అడిగి పెట్టుకున్నాను.