రాయనంటున్న పిల్లాడూ, పద్నాలుగు కాలమ్‌ల ఎక్సెల్ షీటూ

నేనుండేది ఆస్టిన్‌లో, అక్కావాళ్ళది ఫ్రిస్కో. ట్రాఫిక్ కలిసొస్తే మూడున్నర గంటల దారి. మొన్న థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి వెళితే, ఇంకా బూట్లు విప్పకముందే అక్క లాప్‌టాప్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒరేయ్, నువ్వు ఆఫీసులో రోజూ ఇలాంటివి చూస్తుంటావు కదా, వీటిల్లో ఏది కొనాలో చెప్పు" అని. చూద్దును కదా, ఎక్సెల్ షీటు. పదకొండు హోమ్‌స్కూల్ రైటింగ్ కరికులమ్‌లు, పద్నాలుగు కాలమ్‌లు. ధర, రివ్యూలు, వీడియోలున్నాయా లేవా, రోజుకెన్ని నిమిషాలు, పాత కాపీలు దొరుకుతాయా... మధ్యలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కూడాను. మా ఆఫీసులో లక్షల డాలర్ల సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా చెయ్యరు.

సంగతేంటంటే, మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. ఏడాదిన్నరగా ఇంట్లోనే చదువు. లెక్కలు బానే చేస్తాడు, పుస్తకాలు తెగ చదువుతాడు. రాయమంటే మాత్రం పెన్సిల్ చెక్కుకుంటాడు, నీళ్ళు తాగొస్తాడు, బాత్రూమ్‌కెళ్ళొస్తాడు, ఇక సాకులు దొరక్కపోతే ఏడుస్తాడు. బళ్ళో ఉన్నప్పుడూ ఇదే గొడవ. రెండో క్లాసులో రాతపని పూర్తికాలేదని రీసెస్‌లో కూర్చోబెట్టి రాయించేవారట. మిగతా పిల్లలు బయట ఆడుకుంటుంటే వీడు కిటికీలోంచి చూస్తూ రాయాలి. అలా చేస్తే రాతంటే ఇష్టమెలా వస్తుందండీ? అక్క టెస్టింగ్ ఉద్యోగం మానేసి మరీ వాణ్ణి ఇంటికి తెచ్చుకుంది.

టెక్సాస్‌లో అది తేలికే. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన లీపర్ కేసు తీర్పు ప్రకారం, ఇంట్లో చదువు ప్రైవేటు బడితో సమానం. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఇవి నిజాయితీగా నేర్పిస్తే చాలు. న్యూయార్క్‌లో లాగా మూడు నెలలకోసారి రిపోర్టు పంపే బాధ లేదు. అడిగేవాళ్ళు లేకపోవడం హాయే కానీ, "బానే చేస్తున్నావమ్మా" అనేవాళ్ళు కూడా ఉండరు. అది అక్కకి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

మొదటి ఏడు ఏదో పెద్ద సెట్టు కొంది. రోజుకో ప్రశ్న, కింద అయిదు ఖాళీ గీతలు. "నువ్వు మేఘానివైతే ఎక్కడెక్కడికి వెళ్తావు?" లాంటివి. అందులో మావాడు ఎవరి సాయం లేకుండా పూర్తిగా రాసిన వాక్యం ఒక్కటే: "నేను మేఘాన్ని కాను." (నా మట్టుకు నాకు అది మంచి జవాబే.)

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అక్క కిచెన్‌లో గిన్నెలు సర్దుతూ అంది: "బడివాళ్ళు తప్పు చేస్తున్నారని తీసుకొచ్చేశాను. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే కదరా. రాత పుస్తకం తీస్తే చాలు, ఇద్దరం అరుచుకుంటున్నాం. మీ బావ జనవరిలో మళ్ళీ బళ్ళో వేసేద్దాం అంటున్నారు. ఉద్యోగం మానేసింది దీనికోసమేనా అనిపిస్తోంది." నాకేం చెప్పాలో తోచలేదు. ఎక్సెల్ షీటు చూస్తూ కూర్చున్నా.

అలా చూస్తుంటే ఒకటి తట్టింది. పద్నాలుగు కాలమ్‌లలో ఒక్కటి కూడా పిల్లాడి గురించి లేదు. ఇది మన ఐటీ వాళ్ళందరికీ ఉన్న జబ్బే. సిస్టమ్ స్లోగా ఉందనగానే కొత్త సర్వర్ కొందామంటాం. ఎక్కడ ఆగుతోందో లాగ్ తీసి చూసే ఓపిక ఉండదు. 'రాయడం రాదు' అనేది బగ్ రిపోర్ట్‌లో 'పని చెయ్యట్లేదు' అని రాసినట్టు. అలా రాస్తే మా టీమ్‌లో ఎవరైనా ఊరుకుంటారా? ఏం చేస్తే, ఏ స్టెప్పులో ఆగింది అని అడుగుతారు.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "పోయిన వేసవిలో తాతగారి ఊళ్ళో ఏదో గేదె గొడవ జరిగిందటగా, ఏంట్రా అది?" అన్నా. అంతే. ఇరవై నిమిషాలు చెప్పాడు. గేదె తాడు తెంపుకుని పెరట్లోకి వచ్చింది, అమ్మమ్మ చీపురు పట్టుకుని అరుగెక్కింది, తాతయ్య లుంగీ ఎగ్గట్టుకుని వెనకాల పరిగెత్తాడు, పక్కింటాయన గేటు మూయబోయి తెరిచాడు. మొదలుంది, మధ్యలో టెన్షనుంది, ఎవరెవరు ఏమన్నారో వాళ్ళ గొంతుల్తో సహా ఉంది. నేను టైప్ చేస్తూపోయా. నాలుగొందల మాటల పైనే వచ్చింది.

తర్వాత వాడు చదువుకుంటున్న కథల పుస్తకంలోంచి రెండు వాక్యాలు చూసి రాయమన్నా. కేవలం చూసి రాయడమే, సొంత ఆలోచన అక్కర్లేదు. తొమ్మిది నిమిషాలు పట్టింది. పక్కన కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది. కొన్ని అక్షరాలు కిందినుంచి పైకి రాస్తున్నాడు. ఒక్కో అక్షరానికీ తలెత్తి పుస్తకం వంక చూస్తున్నాడు. పెన్సిల్‌ని పీక నొక్కినట్టు పట్టుకుంటాడు. రెండో వాక్యం సగానికొచ్చేసరికి చెయ్యి విదిలించుకుంటున్నాడు.

అక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "వీడికి చెప్పడానికేమీ లేదేమో అనుకున్నానురా ఇన్నాళ్ళూ" అంది.

నేనేదో కొత్తగా కనిపెట్టానని కాదు. సుజాన్ వైజ్ బవర్ అనే ఆవిడ 'రైటింగ్ విత్ ఈజ్' పుస్తకాల్లో చెప్పేది ఇదే. రాయడమంటే రెండు వేర్వేరు పనులు. తలలో ఉన్నదాన్ని మాటల్లో పెట్టడం ఒకటి, ఆ మాటల్ని కాగితం మీద పెట్టడం ఇంకోటి. చిన్నపిల్లల చేత రెండూ ఒకేసారి చేయించబోతే రెండూ చెడతాయి. వర్జీనియా బెర్నింగర్ లాంటి పరిశోధకులూ దీని మీద చాలా పనిచేశారు. అక్షరాలు రాయడం, స్పెల్లింగు అలవాటుగా జరిగిపోకపోతే పిల్లల బుర్రంతా వాటికే సరిపోతుంది, ఆలోచనకి మిగలదు. మనకి డ్రైవింగ్ కొత్తల్లో పక్కవాళ్ళు మాట్లాడితే చిరాకొచ్చేది, గుర్తుందా? అలాగన్నమాట.

అంచేత నేననేదేంటంటే, కరికులమ్ ఏది మంచిది అన్న ప్రశ్నే తప్పు. మీవాడు ఎక్కడ ఆగుతున్నాడు అన్నది ముందు తేలాలి. అది తేలితే అక్క షీట్‌లోని పదకొండింట్లో ఎనిమిది వాటంతటవే పోతాయి. మా షీట్‌లో అలా మూడు మిగిలాయి. హోమ్‌స్కూల్ చేసే తెలుగువాళ్ళకి కూడా ఎక్కువగా వినబడేవి ఇవే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆండ్రూ పుడేవా నడిపే 'ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎక్సలెన్స్ ఇన్ రైటింగ్' పద్ధతిలో పిల్లలు ఏమీ కల్పించక్కర్లేదు. ఒక చిన్న పేరా ఇస్తారు. ఒక్కో వాక్యంలోంచి రెండు మూడు ముఖ్యమైన మాటలు ఏరుకోవాలి. పేరా మూసేసి, ఆ మాటల్ని బట్టి మళ్ళీ సొంతంగా చెప్పాలి, తర్వాత రాయాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో 'స్పెక్టేటర్' వ్యాసాల మీద ఇలాంటి సాధనే చేశానని ఆత్మకథలో రాసుకున్నాడు. 'ఏం రాయాలో తెలీట్లేదు' అని బిక్కమొహం వేసే పిల్లలకి ఇది బంగారం. ఆపైన చెక్‌లిస్టు ఉంటుంది. ప్రతి పేరాలో ఫలానా రకం విశేషణం, ఫలానా రకం క్లాజు ఉండాలని. మన ఇంజినీర్లకి ఇది తెగ నచ్చుతుంది, టెస్ట్ కేసుల్లా టిక్కు పెట్టుకోవచ్చు కదా. కొన్నాళ్ళపాటు పిల్లల వాక్యాలు పెళ్ళికూతురి మెడలా నగలతో నిండిపోతాయనేది నా అనుమానం. కానీ మావాడి దగ్గర సరుకు బోలెడుంది, ఆగుతున్నది చెయ్యి. కాబట్టి ఇప్పుడప్పుడే ఇది వాడికి అక్కర్లేదు.

జూలీ బోగార్ట్ 'బ్రేవ్ రైటర్' పద్ధతి దీనికి పూర్తిగా వేరు. పిల్లాడు చెప్తుంటే తల్లో తండ్రో రాసిపెట్టాలి. వాడి మాటకి విలువుందని వాడికి కనబడాలి. తర్వాత్తర్వాత తప్పులు పట్టించుకోకుండా కొన్ని నిమిషాలు ఆపకుండా రాయడం ఉంటుంది. పీటర్ ఎల్బో 1973లో రాసిన 'రైటింగ్ వితౌట్ టీచర్స్' ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నాకు మనసుకి నచ్చింది ఇదే. అయితే సోమవారం ఇది, మంగళవారం అది అని చేతిలో పెట్టి నడిపించేది కాదు. అక్కలాంటి మనిషికి స్పెక్ లేకపోతే నిద్రపట్టదు.

మూడోది ఇందాక చెప్పిన 'రైటింగ్ విత్ ఈజ్'. నాలుగు లెవెళ్ళు, వారానికి నాలుగు రోజులు, చిన్న చిన్న పాఠాలు. ఒకరోజు మంచి వాక్యాలు చూసి రాయడం, ఒకరోజు విన్నది తిరిగి చెప్పడం (రాసేది అమ్మ), ఇంకోరోజు చెప్తుంటే రాయడం. అక్క ఇది చదివి నవ్వింది. "ఇది చూచిరాత, ఉక్తలేఖనమే కదరా! మనం రాజుపాలెం ఎలిమెంటరీ బళ్ళో పలకమీద చేసింది." నిజమే. కాకపోతే మనకి ఆ రెండే ఉండేవి. విన్నది నీ మాటల్లో చెప్పు అని క్లాసులో నన్నెవరూ అడిగిన గుర్తు లేదు. ఆవు వ్యాసం నుంచి ఇంజినీరింగ్ రికార్డుల దాకా నేను రాసినవన్నీ ఎవరో రాసినవే. సొంతంగా రాసిన మొదటి నాలుగు వాక్యాలు ఉద్యోగంలో చేరాక మేనేజర్‌కి పెట్టిన సెలవు మెయిలేమో. దానికీ అరగంట పట్టింది. బ్రిటన్‌లో షార్లెట్ మేసన్ వందేళ్ళ కిందటే చిన్నపిల్లలకి వ్యాసరచన పాఠాలొద్దు, విన్నది తిరిగి చెప్పించండి అని మొత్తుకుంది. ఇళ్ళల్లో అమ్మమ్మలు ఆ పని చేశారేమో గానీ, బళ్ళో మార్కులుండేవి కావు.

ఇక మా బావగారి వాదన. "ఈ రోజుల్లో చేత్తో ఎవడు రాస్తున్నాడు? లాప్‌టాప్ ఇచ్చెయ్యండి. ఇంకా మాట్లాడితే చాట్‌జీపీటీ ఉందిగా." టైపింగ్ నేర్పాల్సిందే, ఒప్పుకుంటా. వాయిస్ టైపింగ్ కూడా అప్పుడప్పుడూ పర్లేదు. కాకపోతే అది "అప్పుడేమైంది? అమ్మమ్మ ఏమంది?" అని అడగదు. ఆ ప్రశ్న లేకపోతే గేదె కథ రెండో నిమిషంలో అయిపోయేది. చాట్‌జీపీటీ విషయంలో మాత్రం నేను గట్టిగా గొడవపడ్డాను. నేనూ ఆఫీసులో రోజూ వాడతాను, అదేం పాపం కాదు. కానీ మావాడికి కుంటిది చెయ్యి, తల కాదు. ఆ మిషన్ చేసిపెట్టేది తల చెయ్యాల్సిన పని. బాగున్న కాలికి కట్టు కట్టినట్టు ఉండదూ?

ఇంకో సందేహం మన ఇళ్ళల్లోనే వస్తుంది. వాడు గేదె కథ సగం తెలుగులో చెప్పాడు. అక్క వెంటనే "ఇంగ్లీష్‌లో చెప్పు నాన్నా" అనబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపా. 'అరుగు'ని ఇంగ్లీష్‌లో ఏమంటారో వెతుక్కుంటూ కూర్చుంటే అమ్మమ్మ అరుగెక్కేలోపు గేదె వెళ్ళిపోతుంది. వచ్చిన మాట వచ్చినట్టు రాసిపెట్టి, రెండోసారి చెప్పించినప్పుడు ఇంగ్లీష్‌లో చెప్పించొచ్చు.

చెయ్యి అంతలా నొప్పెడుతుంటే ఏ కరికులమ్ అయినా రెండో మాటే. ముందు ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి చూపించమన్నా. డిస్‌గ్రాఫియా లాంటిది ఉంటే దాన్ని బద్ధకమనుకుని తిట్టడం పాపం. డిసెంబర్‌లో చూపించారు. ఆవిడ పట్టు మార్చింది, పొట్టి పెన్సిళ్ళిచ్చింది, రోజుకి పది నిమిషాలకి మించి రాయించొద్దంది.

చివరికి 'రైటింగ్ విత్ ఈజ్' కొన్నారు, అదీ రెండో లెవెల్. దానిమీద ఇంకో రగడ. "నాలుగో క్లాసు పిల్లాడికి రెండో లెవెలా? మా అత్తగారికి తెలిస్తే..." అని అక్క. అట్ట మీద నంబరు కనబడకుండా బ్రౌన్ పేపర్‌తో అట్ట వెయ్యమన్నా, అత్తగారి కోసం.

ఇప్పటికి పదివారాలైంది. పేరాగ్రాఫులు రాసేస్తున్నాడని చెప్పను, రాయట్లేదు. రెండు వాక్యాలు ఏడవకుండా చూసి రాస్తాడు, నాలుగు నిమిషాల్లో. విన్న కథ చక్కగా తిరిగి చెప్తాడు. బావగారు జనవరి మాట ఆగస్టుకి వాయిదా వేశారు, మానలేదు. గేదె కథ ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించారు. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అక్క దాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టింది. మూడో లైన్‌లో నేను టైప్ చేసిన తాడు రంగుని పెన్సిల్‌తో కొట్టేసి, పైన వంకర అక్షరాలతో 'బ్లూ' అని రాశాడు. ఎవరూ చెప్పలేదట. "మామా, నువ్వు తప్పు రాశావ్" అన్నాడు వెనకనుంచి.

అక్క మాత్రం మారలేదు. అదే షీట్‌లో కొత్త ట్యాబ్ తెరిచింది. ఈసారి మ్యాథ్స్ అట. పదహారు కాలమ్‌లు. మొదటి కాలమ్‌లో వాడు ఎక్కడ ఆగుతున్నాడో రాసిందో లేదో, ఈ వీకెండ్ వెళ్ళి చూడాలి.