మేడమీది మట్టి

హైదరాబాదులో నొక అపార్టుమెంటు సంఘమువారు, మేడమీద టమాటా కుండీలు పెట్టుకొన్నవారందఱు నెలాఖరులోగా వానిని తీసివేయవలెనని ఈ వారము నోటీసు నంటించిరని విన్నది మొదలు నా మనసు కుదుటబడలేదు. నీరు దిగి స్లాబు చెడునని వారి వాదము. కుండీ క్రింద పళ్లెమును, పళ్లెము క్రింద రెండిటుకలును పెట్టించినఁ దీరిపోవు దానికి నిషేధమేల?

టమాటా పెంచుటకు అడుగు లోతు గలిగి, పదునైదిరువది లీటర్లు పట్టు బకెట్టున్నఁ జాలును. అడుగున రంధ్రములు పొడిచి, ఎఱ్ఱమన్ను, మాగిన పశువుల యెరువు, కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చల్లి, కాండము కొంత మునుగునట్లు నారు నాటినచో, పూడినమేర నెల్ల వేళ్లు పుట్టి మొక్క నిలదొక్కుకొనును. ఊతకఱ్ఱకుఁ గట్టుచుఁ బిలకలు గిల్లినప్పుడు వ్రేళ్లకంటు పసరుమరకయు ఘాటైన వాసనయు సబ్బుకుఁ గూడ సులభముగా వదలవు. ఉదయమున పూగుత్తిని మెల్లగాఁ దట్టిన పుప్పొడి రాలి పిందె పట్టును. ఒకనాడు ముంచి, మఱునాడు ఎండగట్టినచో, మన్నులో సున్నమున్నను అది కాయకందక అడుగుభాగము నల్లబడి కుళ్లును. ఎండ ముప్పదియైదు డిగ్రీలు మించినఁ బూత రాలును. తెల్లదోమ వాలిన ఆకుముడత వచ్చును.

ఇన్ని గండములు గడచి యొక కాయ పండుట కన్నులారఁ జూచిన గృహిణి, కూరగాయల బండివానితో రూపాయికై పోరాడుటకు మునుపు ఒక్క క్షణమాగును. ఆ ఆగుటయే నాకుఁ గావలసినది. 2023 జూలై నెలాఖరున మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా ధర రెండువందల రూపాయల దరిదాపులకెక్కఁగా పట్టణములన్నియు గగ్గోలుపెట్టినవి. సెప్టెంబరునాటికి ధర కూలి, కోతకూలి కైనను చాలక, రైతులు పండ్లను రోడ్లపైఁ బారబోసినప్పుడు ఆ పట్టణములే పలుకలేదు. ఒక్క మొక్కనైనఁ బెంచియుండిన యీ మౌనము సాధ్యమగునా?

నిజమునకు మేడ యెక్కవలసిన అగత్యము మొక్కకెందులకుఁ గలిగినది? పెరడును మనమే చంపుకొంటిమి. బావిగట్టున అరటియు, కరివేపయు, గిన్నెలు కడిగిన నీటితోఁ బెరిగిన బచ్చలితీగయు నుండిన చోట, నేడు ప్రహరీగోడవఱకు సిమెంటు పఱచి, చినుకైన నేలలో నింకనీయక కాలువపాలు చేసి, వేసవి రాఁగానే ట్యాంకరుకై బిందెలతో నిలుచుచున్నాము. తనపైఁ బడిన వానను తానే త్రోసివేయు నూరు దాహముతో నలమటించుటలో వింత లేదు. కావున పురపాలకులు ఇంటి ప్లానుకు అనుమతి నిచ్చునప్పుడే, గజమునకుఁ దగ్గకుండ వట్టినేలను విడిచితీరవలెనని శాసించి, గృహప్రవేశమునకు ముందు దానిని స్వయముగాఁ జూచి మఱి సంతకము చేయవలెను.