ఇంటిపేరు మార్చిన రాజు

ఐరోపా రాజవంశములు తమ వంశగౌరవమును గూర్చి చెప్పుకొను గొప్పలు విన్నపుడెల్ల మాకు 1917 జూలై 17వ తేది జ్ఞప్తికి వచ్చును. జర్మనులతో యుద్ధము సాగుచుండ, ప్రజాగ్రహమునకు వెఱచి ఇంగ్లండు రాజగు అయిదవ జార్జి, సాక్సుకోబర్గు గోథా యను తన జర్మను వంశనామమును విసర్జించి, విండ్సరను కోటపేరును ఇంటిపేరుగా గైకొనెను. శత్రువగు కైజరు విల్‌హెల్ము ఆయన మేనత్త కుమారుడే!

రుష్యా జారు నికొలాసు పినతల్లి కుమారుడు. మన వరుసలో తమ్ముడు. ఆ మార్చిలో సింహాసనము వీడిన జారునకు ఆంగ్లప్రభుత్వము ఆశ్రయ మిచ్చెదమనగా, తన సింహాసనమునకే ముప్పు వచ్చునని జార్జి దానిని మాన్పించెను. ఇంటిపేరు మారిన సరిగా ఏడాదికి, 1918 జూలై 17న, జారును భార్యాబిడ్డలతో ఎకటెరిన్‌బర్గులో కాల్చి చంపిరి.

ఆ సింహాసనమునకు ఆధారము రక్తమనుట యెట్లు? 1701 నాటి శాసనముచే పార్లమెంటు, కాథలిక్కులగు దగ్గఱి వారసులను ఏబదిమందికి పైగా త్రోసిపుచ్చినందుననే 1714లో హానోవరు నుండి మొదటి జార్జి రాగలిగెను. రాజును ఎన్నుకొను హక్కు అచ్చటి ప్రజాప్రతినిధులది. అదే రాజుపట్ల అప్రీతి కలిగించుట మాత్రము ఇచ్చట 124ఏ సెక్షను క్రింద ద్వీపాంతరవాస శిక్షకు తగిన నేరమైయుండెను.