తగ్గిన ఛార్జీ – తిరిగిరాని పైకం

జ్యేష్ఠమాసంలో మూడువేలు పోసి చీర కొన్న ఇల్లాలు, ఆషాఢం వచ్చేసరికి అదే చీర అదే కొట్లో రెండువేలకు వేలాడటం చూస్తే ఏం చేస్తుంది? ఓ నిట్టూర్పు విడుస్తుంది. కొట్టువాణ్ణి తలుచుకుని రెండు మాటలంటుంది. మరీ కడుపు రగిలితే పక్కనున్న భర్తను అంటుంది. అంతేగాని కొట్లోకి వెళ్ళి, "నా వెయ్యి నాకిచ్చెయ్యి" అని మాత్రం అడగదు. ఆ చీర అప్పటికే రెండు పేరంటాలు తిరిగొచ్చింది గనక.

విమానం టిక్కెట్టు సంగతి అలాక్కాదు. ఫిబ్రవరిలో కొంటాం, ఎక్కేది మేలో. ఈ మూడు నెలలూ సీటూ కంపెనీ దగ్గరే ఉంటుంది, సొమ్మూ కంపెనీ దగ్గరే ఉంటుంది. మన దగ్గర ఉండేదల్లా ఓ కాగితమ్ముక్క. ఈ మధ్యలో ఆ సీటు ధర పడిపోయిందంటే, "ఇంకా ఎక్కనన్నా ఎక్కలేదు గదా, తేడా ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?" అనిపించటంలో తప్పేమీ లేదు.

సరిగ్గా ఈ మాటే మా పక్కింటి మాస్టారు అడిగారు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మాయి డల్లాస్‌లో ఉంది. మే నెలాఖరుకు పురుడు. దంపతులిద్దరికీ అల్లుడు అక్కడినుంచే, టిక్కెట్లమ్మే ఒక వెబ్‌సైటులో టిక్కెట్లు కొన్నాడు. మనిషికి 1,24,000 రూపాయలు. ఆ పైకం మాస్టారు పట్టుబట్టి తన పొదుపులోంచే పంపించారు. అల్లుడి డబ్బుతో ప్రయాణం చెయ్యటం ఆయనకు సుతరామూ గిట్టదు. పదిరోజులు గడిచాయి. అదే విమానం, అదే తేదీ, 1,06,000 అయి కూర్చుంది. ఇద్దరికీ కలిపి 36,000 తేడా. ఆయన టిక్కెట్టు షరతుల కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మీరు ఎం.ఏ. చదువుకున్నవారు. ఇందులో నా డబ్బు ఎక్కడుందో కాస్త చూసిపెట్టండి" అన్నారు.

నేను చదివింది తెలుగు. ఆ షరతులున్నది ఇంగ్లీషులో. అయితేనేం, ఇరవయ్యేళ్ళుగా ప్రబంధాలూ వాటి వ్యాఖ్యానాలూ పాఠం చెబుతున్నవాణ్ణి. మూలం కంటే టీక పొడుగ్గా ఉందంటే అసలు సంగతి టీకలోనే దాక్కుని ఉంటుందని తెలుసు. కూర్చుని చదివాను.

ముందు ఈ ధరలు ఎందుకు ఎగిరి దూకుతాయో చెప్పాలి. ఒకప్పుడు ఈ బాధ లేదు. అమెరికాలో 1978లో చట్టం మారేదాకా విమానం ఛార్జీలను ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. మన దేశంలో 1953లో విమాన సర్వీసులను జాతీయం చేశారు. ఆ చట్టం 1994లో రద్దయింది. అంతవరకూ ఛార్జీ అంటే రైలు ఛార్జీ లాంటిదే. రాత్రికి రాత్రి తగ్గేదీ లేదు, తెల్లారి తేడా అడిగేదీ లేదు. కట్లు తెగాక అమెరికాలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చౌక కంపెనీ ఒకటి వెలిసి పెద్దవాళ్ళ వ్యాపారానికి గండి కొట్టింది. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దానికి జవాబు కనిపెట్టింది. విమానంలో కొన్ని సీట్లు మాత్రం చౌకగా, ముందుగా కొనేవాళ్ళకు. మిగిలినవి ఆఖరి ఘడియలో పరుగెత్తుకొచ్చే వ్యాపారస్థులకు, పూర్తి ధరకు. ఏవి ఎన్నో లెక్క తేల్చేది కంప్యూటరు. రెండేళ్ళు తిరిగేసరికి పీపుల్ ఎక్స్‌ప్రెస్ వేరే కంపెనీలో కలిసిపోయింది. ఆ లెక్క మాత్రం లోకమంతా పాకింది.

అంచేత ఇవాళ ఒకే విమానంలో, ఒకే వరసలో కూర్చున్న ముగ్గురు మూడు ధరలిచ్చి ఉంటారు. చౌక సీట్లు అయిపోతే ధర లేస్తుంది. ఏ ట్రావెల్ ఏజెంటో గుంపుకోసం అట్టేపెట్టుకున్న సీట్లు తిరిగి ఇచ్చేసినా, పోటీ కంపెనీ ధర కోసినా, అనుకున్నంతగా జనం కొనకపోయినా మళ్ళీ దిగుతుంది. కూరగాయల బజారులో సాయంత్రమయ్యేసరికి వంకాయలు చవకైనట్టు విమానం సీటు కూడా ఆఖర్న చవకవుతుందనుకుని కూర్చునేవాళ్ళున్నారు. వాళ్ళకో దణ్ణం. ఇక్కడ పొద్దుగూకేవేళకి వచ్చే బేరగాడే ఎక్కువిచ్చుకుంటాడు.

ఇక టీకలోకి వస్తాను. తేడా అడిగితే ఎవరూ తేడా ఇవ్వరు. దారి ఒక్కటే: పాత టిక్కెట్టు రద్దు చేసుకుని కొత్త ధరకు మళ్ళీ కొనుక్కోవటం, లేదా పాతదాన్ని కొత్తదానికి మార్పించుకోవటం. రద్దుకో రుసుము, మార్పుకో రుసుము. (రుసుము, వాపసు – రెండూ కచ్చేరీల ద్వారా మనకు దిగిన మాటలే. పుచ్చుకునేదానికీ తిరిగిచ్చేదానికీ కూడా మనం సర్కారీ మాటలమీదే ఆధారపడ్డాం. అందులో మొదటిదే ఎక్కువ వాడుకలోకి రావటం వింతేమీ కాదు.) మాస్టారి టిక్కెట్టు షరతుల్లో రద్దు రుసుము మనిషికి 22,000 అని ఉంది. ధర తగ్గింది 18,000. అంటే ఆవేశపడి రద్దు చేస్తే మనిషికి నాలుగువేలు ఎదురు పెట్టుకోవాలి. పైన వెబ్‌సైటువాళ్ళ సేవా రుసుము వేరే. ఈ తీసివేత చెయ్యకుండా రద్దు మీట నొక్కేవాళ్ళు ఎంతమందో! మాస్టారు లెక్కల మాస్టారు గనక మరోమాట అడగలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

కొన్న రోజునే ఈ సంగతి తెలిసి ఉంటే కథ వేరుగా ఉండేది. అమెరికా రవాణా శాఖ 2011లో చేసిన నియమం ప్రకారం, ఆ దేశానికి వెళ్ళే, అక్కణ్ణించి వచ్చే విమానాలకు ప్రయాణం వారంరోజులో అంతకు మించో ఉండగా టిక్కెట్టు తీసుకుంటే, 24 గంటల లోపల రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. లేదా కంపెనీ డబ్బు పుచ్చుకోకుండా 24 గంటలు ఆ ధరను అట్టేపెట్టాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి కంపెనీ చెయ్యాల్సిందే. కాని ఇది విమానం కంపెనీ దగ్గర నేరుగా కొన్నవాళ్ళకు. మధ్యవర్తి వెబ్‌సైట్లు కొన్ని తమంతట తాము ఈ సదుపాయం ఇస్తాయిగాని, ఆ నియమం వాటిని కట్టెయ్యదు. వెయ్యి రూపాయలు తక్కువకు దొరికిందని మధ్యవర్తి దగ్గర కొనేముందు ఈ తేడా కూడా తక్కెట్లో వేసుకోవాలి.

మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. 2019లో ప్రకటించిన విమాన ప్రయాణికుల హక్కుల పత్రంలో, ప్రయాణం ఏడురోజులకు పైబడి ఉంటే కొన్న 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకోవచ్చునని చెప్పారు. ఆ గడువును 48 గంటలకు పెంచుతామంటూ 2025 నవంబరులో ముసాయిదా వెలువరించారు. కొనేనాటికి ఏ గడువు అమలులో ఉందో టిక్కెట్టు షరతుల్లో చూసుకుని మరీ డబ్బు కట్టండి. కొన్నాక ఆ ఒక్కరోజూ పూటకోసారి ధర చూడటంలో పరువు పోయేదేమీ లేదు. మా ఆవిడ బంగారం ధర అంతకంటే ఎక్కువసార్లు చూస్తుంది, కొనేది లేకపోయినా.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో వెసులుబాటు దొరికింది. అక్కడి పెద్ద కంపెనీలు దేశం లోపలి టిక్కెట్టు మార్చటానికి 200 డాలర్ల దాకా గుంజేవి. కొన్నాక ధర తగ్గితే కనిపెట్టి కబురు చెయ్యటానికని 2007లో సియాటిల్ నగరంలో యాప్టా అనే కంపెనీయే ఒకటి బయల్దేరింది. పాపం, అది కబురు చెప్పేది, రుసుము తేడాను మింగేసేది. 2020లో కరోనా వచ్చి విమానాలు ఖాళీగా తిరిగేసరికి యునైటెడ్, డెల్టా, అమెరికన్ – మూడూ ఒకదాని వెనక ఒకటి ఆ రుసుము ఎత్తేశాయి. ముఖ్యంగా అక్కడ మొదలయ్యే ప్రయాణాలకు, అదీ బాగా చౌకరకం 'బేసిక్' టిక్కెట్లు కాకపోతేనే. ధర తగ్గితే అదే విమానానికి కొత్త ధరలో టిక్కెట్టు మార్పించుకుంటే తేడా జమ అవుతుంది.

జమ అన్నాను, గమనించారా? చేతికి రాదు. ఆ కంపెనీ ఖాతాలోనే మీ పేర ఉంటుంది. గడువు లోపల మళ్ళీ వాళ్ళ విమానమే ఎక్కితే అక్కరకొస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు తిరిగే కుర్రాడికి అది డబ్బే. పదేళ్ళకోసారి విమానమెక్కే పెద్దవాళ్ళకు అది గోడమీద రాసిన బాకీ. ఈ విషయంలో మన డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్ వారి నియమం చక్కగా ఉంది: రావలసిన పైకాన్ని కంపెనీ దగ్గర జమగా ఉంచాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, కంపెనీ దాన్ని ఆనవాయితీ చేసుకోకూడదు. కౌంటరులో అమ్మాయి చిరునవ్వుతో "క్రెడిట్ షెల్‌లో వేసేస్తాం సార్" అంటే, అంతే చిరునవ్వుతో "వద్దమ్మా, బ్యాంకులో వెయ్యండి" అనవచ్చు.

మాస్టారి కథ అక్కడితో ఆగలేదు. ఏప్రిల్ మొదటివారంలో కంపెనీనుంచి కబురొచ్చింది. మధ్యలో విమానం మారే ఊళ్ళో రెండో విమానం వేళ మార్చేశారట. డల్లాస్ చేరేది తొమ్మిది గంటలు ఆలస్యం. మాస్టారు గారి భార్య కంగారుపడ్డారు. "డబ్బు పోతే పోనివ్వండి, పిల్ల నొప్పులు పడేనాటికి నేనక్కడుండాలి" అన్నారు. తొమ్మిది గంటలకేం కాదులెమ్మని మాస్టారు సర్దిచెబుతుంటే, నాకు మాత్రం ఆ తొమ్మిది అన్న అంకె చెవిలో గంటలా మోగింది. 2024లో అమెరికాలో వచ్చిన నియమాల్లో ఒక లెక్క ఉంది. ఆ దేశానికి సంబంధించిన విదేశీ ప్రయాణంలో బయలుదేరే వేళ ఆరుగంటలో అంతకు మించో ముందుకు జరిగినా, చేరే వేళ అంతగా వెనక్కి పోయినా (దేశం లోపల అయితే మూడు గంటలే), ప్రయాణికుడు ఆ మార్పు ఒప్పుకోకపోతే పూర్తి పైకం తిరిగి ఇచ్చెయ్యాలి. వాపసు లేని టిక్కెట్టయినా సరే. రద్దు రుసుము ఉండదు. కార్డుమీద కొంటే ఏడు పనిదినాల్లో, వేరే విధంగా కడితే ఇరవై రోజుల్లో.

అల్లుడికి ఫోను చేయించాను. రెండు మాటలు గట్టిగా చెప్పమన్నాను. ఒకటి, కబురుకు జవాబుగా ఉన్న 'సమ్మతం' మీట నొక్కవద్దని. సమ్మతించాక ఆ హక్కు పోతుంది. రెండు, వద్దని చెప్పేముందు ఆ తేదీకి కొత్త టిక్కెట్టు ఎంతుందో చూసుకోమని. పాతది వదిలేశాక కొత్తది రెండింతలైతే ఏ చట్టమూ ఆదుకోదు. కుర్రాడు చూశాడు. వేరే కంపెనీలో, అంతకంటే పొద్దున్నే చేరే విమానంలో 1,15,000కు ఉంది. పాతది వద్దన్నాడు. కార్డు బిల్లులో పేరున్నది వెబ్‌సైటుది గనక తిరిగి ఇవ్వాల్సింది వాళ్ళే. మొదట వాళ్ళు కంపెనీని అడగమన్నారు, కంపెనీ వీళ్ళను అడగమంది. రెండు ఉత్తరాలు నడిచాక పైకం మొత్తం కార్డులో పడింది. లాభం మనిషికి తొమ్మిదివేలు, ఇద్దరికీ 18,000. ముప్ఫయ్యారు కాదు, అందులో సగం. ఆవిడ మాత్రం ఆ డబ్బుతో మనవరాలికి మురుగులు చేయించాలని అప్పుడే తేల్చేశారు. మనవరాలేనని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఇంకొక్క పైకం సంగతి, చాలామంది అడగకుండా వదిలేసేది. మన దేశంలో రద్దు రుసుముకు ఒక హద్దుంది: అసలు ఛార్జీ, ఇంధనపు సర్‌ఛార్జీ – ఈ రెండూ కలిపిన దానికంటే ఎక్కువ పట్టుకోకూడదు. మిగిలిన పన్నులూ, విమానాశ్రయం వాడకపు రుసుమూ, ప్రయాణికుల సేవల రుసుమూ తిరిగి ఇచ్చెయ్యాలి. తగ్గింపు టిక్కెట్టయినా, వాపసు లేని టిక్కెట్టయినా, చివరికి మీరు విమానం అందుకోలేక ఇంట్లోనే ఉండిపోయినా సరే. ఎగరనివాడి దగ్గర విమానాశ్రయం రుసుమేమిటి? విమానం తప్పిపోయిందని పాత టిక్కెట్టు బీరువాలో పడేసినవాళ్ళు ఓసారి దాన్ని బయటికి తీసి, ఛార్జీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న పద్దులు కూడి, కంపెనీకి ఉత్తరం రాయండి. టిక్కెట్టు నంబరు, ప్రయాణం తేదీ, బ్యాంకు ఖాతా నంబరు, నాలుగు పంక్తులు చాలు.