ఆ పేరు వెనుక ఒక పనిమనిషి

పిల్లలకు జబ్బు ముదిరితే మా మెట్టుగూడ, తార్నాక వైపు ఇప్పటికీ వినిపించే మాట "నీలోఫర్‌కి తీసుకెళ్ళండి" అనే. అది ఆస్పత్రి పేరని అందరికీ తెలుసు. ఒక స్త్రీ పేరని ఎంతమందికి తెలుసు?

నీలోఫర్ తుర్కీ ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు. 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. 1924లో రాజకుటుంబాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. తల్లితో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం చేరింది. 1931లో అక్కడే ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాహితో పెళ్ళయింది. పదిహేనేళ్ళకే హైదరాబాదు కోడలైంది.

ఆమె అందం గురించి, చీరల గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. పరదా పాటించకుండా నలుగురిలోకి వచ్చిందనీ, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నర్సు శిక్షణ పొందిందనీ అంత తరచుగా చెప్పుకోరు.

ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ లోటు ఎలాంటిదో, చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఎలా ఉంటాయో మన ఆడవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లోనే ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి సరైన వైద్యం అందక కాన్పులో చనిపోయిందట. "దాని రాత అంతే" అని నీలోఫర్ సరిపెట్టుకోలేదు. తల్లులకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ఉండాలని పట్టుబట్టింది. 1953లో రెడ్‌హిల్స్‌లో అది వెలిసింది. అంతకు ముందు ఏడాదే ఆమె వివాహబంధం తెగిపోయింది. 1989లో పారిస్‌లో కన్నుమూసింది. ఈ ఊళ్ళో భర్త పేరు మార్కెట్‌కి మిగిలింది, ఆమె పేరు పసిపిల్లల ఆస్పత్రికి మిగిలింది.

రాజకుమారి కాబట్టి చేయగలిగింది, మనవల్ల ఏమవుతుంది అనుకుంటాం. నాకు మాత్రం ఇందులో డబ్బు కంటే ముందు కనిపించేది ఆమె చూపు. తన ఇంట్లో పనిచేసే పిల్ల చావుని ఆమె తన ఇంటి విషయంగా తీసుకుంది.

మన ఇళ్ళలో అంట్లు తోమే అమ్మాయికి ఎన్నో నెలో మనకి తెలుసా? "రేపట్నుంచి ఎవర్ని పంపిస్తావ్?" అని అడుగుతాం గానీ "పరీక్ష చేయించుకున్నావా?" అని అడుగుతున్నామా? నెలలు నిండేలోగా కనీసం నాలుగుసార్లు డాక్టరుకి చూపించుకోవాలి. రక్తం తక్కువగా ఉందేమో, బి.పి. పెరిగిందేమో చూడాలి. మొహం వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, రక్తస్రావం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపాలి. బస్తీ దవాఖానాలో పరీక్షకి పైసా ఖర్చు లేదు. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. ఆమెకి కావలసింది జీతం కోయని ఒక పూట సెలవు, వెంట వెళ్ళే ఒక మనిషి. అవి ఇవ్వడానికి రాణులం కానక్కర్లేదు.

ఆస్పత్రి కట్టడం ఆమె వంతు అయింది. దాని గుమ్మం దాకా వేళకి చేర్చడం మన వంతు.