లైట్ మెట్రో వస్తుంది సరే... స్టేషన్‌కి ఎలా వెళ్దాం?

ఫోన్‌లో ఒకసారి వైజాగ్ మ్యాప్ తెరవండి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు, మధ్యలో సన్నగా, పొడుగ్గా ఊరు. ఆ పొడుగంతా హైవే. స్టీల్‌ప్లాంట్, గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ... ఎటు వెళ్లాలన్నా చాలామంది ఆ ఒక్క రోడ్డు ఎక్కాల్సిందే. రైలు లైను వేయడానికి ఇంత అనువైన ఊరు అరుదు. ఊరే ఒక లైనులా ఉంది మరి!

అయినా మెట్రో ఇంకా రాలేదు. 2014 విభజన చట్టంలోనే విశాఖ మెట్రో మాట ఉంది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు కాలేజీ మెట్లు ఎక్కేశారు. చివరికి 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశ డీపీఆర్‌కు ఓకే చెప్పింది. మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, అంచనా 11,498 కోట్లు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల లైనే ఇందులో పెద్దది. మిగతా రెండూ చిన్నవి: గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీస్, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు. 2025లో టెండర్లు కూడా పిలిచారు.

ఈ వార్త వచ్చిన ప్రతిసారీ మన చర్చంతా కిలోమీటర్లు, కోట్ల మీదే. రేపు మనం ఎక్కుతామా లేదా అన్నది తేల్చేది మాత్రం ఆ రెండూ కాదు.

ముందు ‘లైట్’ సంగతి చూద్దాం. లైట్ మెట్రో అంటే బండి చిన్నది, బోగీలు తక్కువ, స్టేషన్ చిన్నది, ఖర్చూ తక్కువ. ‘అంటే మనకి సెకండ్ క్వాలిటీ మెట్రోనా?’ అని ఫీలవ్వక్కర్లేదు. ఆరు బోగీల రైలు 10 నిమిషాలకోసారి వచ్చినా, మూడు బోగీల రైలు 5 నిమిషాలకోసారి వచ్చినా గంటకి తిరిగేవి 36 బోగీలే. తేడా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి తెలుస్తుంది. చిన్న రైలైతే ఎదురుచూపు సగానికి తగ్గుతుంది. చిన్న బండి, ఎక్కువ ట్రిప్పులు... లైట్ మెట్రో బలం ఇదే. ఖర్చు మిగులుతుందని ట్రిప్పులు కోసేస్తే ఆ బలం పోయినట్టే.

రెండోది ఇంకా ముఖ్యం. స్టేషన్‌కి చేరడం.

ఊరికే ఒక లెక్క వేసుకుందాం. ఇంటి నుంచి స్టేషన్‌కి నడక 15 నిమిషాలు, రైలు కోసం 5, రైల్లో 20, దిగాక ఆఫీసుకి మళ్లీ 15. మొత్తం 55. బైక్ మీద ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లినా 40 అనుకోండి. ఎవరు ఎక్కుతారు మెట్రో? ఇప్పుడు అదే రైలుకి రెండు వైపులా ఫీడర్ బస్సు పెట్టండి. 15, 15 కాస్తా 5, 5 అవుతాయి. మొత్తం 35. రైలు స్పీడు ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు, కానీ బైక్ ఓడిపోయింది.

వైజాగ్‌లో ఇది ఇంకాస్త కష్టం. పెద్ద కారిడార్ హైవే వెంట వెళ్తుంది. ఋషికొండ ఐటీ హిల్స్ పేరులోనే కొండ ఉంది. హైవే మీద దిగి, మే నెల ఎండలో, ఆ ఉక్కపోతలో కొండెక్కి, లాగిన్ టైముకి సీట్లో కూర్చోమంటే అయ్యే పనేనా? కిందకి దిగగానే బస్సో షేర్ ఆటోో రెడీగా ఉండాలి. లేదంటే బైక్ ఈఎంఐ తప్పదు.

ఇంకో ట్విస్టు ఉంది. దాదాపు 20 కిలోమీటర్ల మేర డబుల్ డెక్కర్ ప్లాన్ చేశారు: కింద రోడ్డు, పైన ఫ్లైఓవర్, ఆపైన రైలు. నాగ్‌పూర్ వార్ధా రోడ్డులో ఇలాంటిదే 3.14 కిలోమీటర్లు కడితే గిన్నిస్ రికార్డు ఇచ్చారు. ఫొటోకి అదిరిపోతుంది. కానీ ప్లాట్‌ఫాం అంత ఎత్తుకి పోతే మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఎలా ఎక్కాలి? లిఫ్టు, ఎస్కలేటర్ రోజూ పనిచేయాల్సిందే. పైగా కింద ఫ్లైఓవర్ ఖాళీగా కనిపిస్తుంటే బైక్ ఇంకా ముద్దొస్తుంది!

మనలాగే సముద్రం పక్కనున్న కొచ్చిని చూడండి. 2017 జూన్‌లో మూడు బోగీల రైళ్లతో మెట్రో మొదలైంది. మొదట్లో అనుకున్నంత మంది ఎక్కలేదు. తర్వాత లైను పొడిగించారు, 2023లో వాటర్ మెట్రో పడవలు దించారు, 2025లో స్టేషన్ల నుంచి ఎలక్ట్రిక్ ఫీడర్ బస్సులు వేశారు. జనం పెరిగారు. మంచిదే. కానీ ఈ ఎలక్ట్రిక్ ఫీడర్ బస్సులు రావడానికి ఏడేళ్లు దాటింది. ఆ ఏడేళ్లలో అక్కడి కుర్రాళ్లు ఎన్ని బైకులు కొనుంటారో!

మనకున్న అడ్వాంటేజ్ ఏంటంటే, మనం ఇంకా మొదట్లోనే ఉన్నాం. పిల్లర్ లేచాక స్టేషన్‌ని పక్కకి జరపలేం. హైవేకి రెండో వైపు దిగే దారి డ్రాయింగ్‌లో లేకపోతే తర్వాత కలపడానికి తల ప్రాణం తోకకొస్తుంది. కాగితం మీద గీత మార్చడం మాత్రం ఈజీ.

అందుకే ఈసారి మీ కార్పొరేటరో ఎమ్మెల్యేనో మెట్రో గురించి పోస్టు పెడితే ‘సూపర్ సర్’ అని వదిలేయకండి. కామెంట్లో మూడు ప్రశ్నలు అడగండి. మా స్టేషన్‌కి రోడ్డు దాటకుండా రెండు వైపుల నుంచీ ఎక్కొచ్చా? ఫీడర్ బస్సు మెట్రోతో పాటే మొదటి రోజే వస్తుందా? రాత్రి షిఫ్టు అయ్యాక ఎన్ని నిమిషాలకో రైలు?

పదిమంది అడిగితే చదివి స్క్రోల్ చేసేస్తారు. పదివేల మంది అడిగితే డ్రాయింగ్ తీసి చూస్తారు.