ఆ గంట ఎక్కడినుంచి తీయాలి?

హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మన నగరాన్ని కలవరపరచింది. పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగులలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నదనీ, 71 శాతం మందికి స్థూలకాయం ఉన్నదనీ అందులో తేలింది. అటువంటివారికి సాధారణంగా ఇచ్చే సలహా ఒక్కటే: కూర్చోవడం తగ్గించండి, రోజూ ఒక గంట నడవండి.

వ్యవసాయ పట్టా పొంది ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల రాజేంద్రనగర్ వచ్చి అడిగాడు: “సార్, ఆ గంట ఎక్కడినుంచి తీయాలి? కుర్చీలోంచి తీసే వీలు లేదు. నిద్రలోంచే తీస్తున్నాను.” అతని ప్రశ్న గణాంకశాస్త్రానికి సంబంధించినదే. దానికి తగిన పద్ధతి మన నేలశాస్త్రానికి చాలా దగ్గరిది.

చల్క నేలకు చెరువు మట్టి తోలితే పరీక్షలో ఇసుక శాతం తగ్గుతుంది. నిజానికి ఒక్క ఇసుక రేణువు కూడా పొలం దాటిపోలేదు. బంకమన్ను, ఒండ్రు చేరాయి, అంతే. మొత్తం ఎప్పుడూ 100 కాబట్టి ఒక భాగం పెరిగితే మరొకటి తగ్గక తప్పదు. ఇటువంటి నిష్పత్తుల మధ్య మిథ్యా సహసంబంధం కనిపిస్తుందని కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించారు. శాతాలను విడివిడిగా కాక, వాటి నిష్పత్తుల సంవర్గమానాలను విశ్లేషించాలని జాన్ ఐచిసన్ 1980లలో ప్రతిపాదించారు. 1986లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఒక ఆర్కిటిక్ సరస్సు అడుగు మట్టిలోని ఇసుక, ఒండ్రు, బంకమన్నులనే ఉదాహరణగా తీసుకున్నారు. దీనినే కంపోజిషనల్ డేటా విశ్లేషణ అంటారు.

మనిషి దినచర్య కూడా అటువంటిదే. నిద్ర, కూర్చోవడం, తేలికపాటి కదలిక, వ్యాయామం కలిపితే 24 గంటలు. ఈ నాలుగింటినీ సాధారణ రిగ్రెషన్ సమీకరణంలో ఒకేసారి ఉంచలేము. ఒకదానిని వదిలితే మిగిలిన గుణకాల అర్థమే మారిపోతుంది. నిష్పత్తుల పద్ధతిలో అడగవలసిన ప్రశ్న స్పష్టమవుతుంది: కూర్చునే సమయంలోంచి అరగంట తీసి నడిస్తే కాలేయంలోని కొవ్వులో కనిపించే తేడా ఎంత? అదే అరగంట నిద్రలోంచి తీస్తే ఎంత? ఈ రెండింటి జవాబులు ఒకటే కానవసరం లేదు. కెనడా 2016లో పిల్లలకోసం రూపొందించిన మార్గదర్శకాలు నిద్ర, కూర్చోవడం, కదలికలను కలిపి 24 గంటలుగానే చూశాయి.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. సున్నాకు సంవర్గమానం లేదు. వ్యాయామమే చేయనివారి విషయంలో ప్రత్యేక సవరణ అవసరం. ఒకే సమయంలో తీసిన సర్వే కారణాన్ని నిరూపించదు. 345 మంది ఫలితం ఐటీ ఉద్యోగులందరికీ అంతే శాతంలో వర్తిస్తుందనీ చెప్పలేము.

అయినా ఒక మార్పును మనం వెంటనే చేపట్టవచ్చు. “రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?” అనే ఒక్క ప్రశ్నకు బదులు, ప్రశ్నావళిలో 24 గంటలకూ లెక్క అడగాలి. వ్యవసాయ గణాంక విభాగాల విద్యార్థులు ప్రజారోగ్య పరిశోధకులతో కలిసి ఈ పనికి పూనుకోవాలి. విస్తరణ శాస్త్రవేత్తలకూ ఇది అవసరమే. నాట్లు, కలుపు, వంట, పశువుల పని మధ్య నలిగే మహిళా రైతుకు మనం కొత్త పని సూచించిన ప్రతిసారీ, ఆమె కూడా ఆ సమయాన్ని ఎక్కడినుంచో తీయవలసిందే. అది ఆమె నిద్రలోంచి పోతున్నదో లేదో తెలుసుకున్న తర్వాతే సిఫారసు చేయడం మన బాధ్యత.